హెపటైటిస్ సీ ‘రియాక్టివ్’ అన్నాక 112 రోజులు: నా అనుభవం

2024 జనవరి 27, శనివారం. సాయంత్రం ఏడు కావస్తుండగా, హన్మకొండలో నేను ఆపరేషన్ చేయించుకోబోతున్న ఆసుపత్రి నుంచి ఫోన్ వచ్చింది. “మేడమ్, మీ బ్లడ్ రిపోర్టులో చిన్న ప్రాబ్లం ఉన్నది, రేపు పొద్దున వచ్చి సార్‌ను కలవండి” అని ఒక అమ్మాయి చెప్పింది. ఏం ప్రాబ్లమని అడిగితే ఫోన్లో చెప్పకూడదన్నది.

నేను ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో తెలుగు చెబుతాను. సంక్రాంతి సెలవులు ముగిసిన వారంలోనే, జనవరి 18 రాత్రి, కుడివైపు డొక్కలో మొదలైన నొప్పి వీపు దాకా పాకి, తెల్లవారే వరకు నన్ను కూర్చోనివ్వలేదు, పడుకోనివ్వలేదు. మర్నాడు స్కానింగులో పిత్తాశయంలో రాళ్లు కనిపించాయి. పదో తరగతి పరీక్షలు మార్చి 18న మొదలవుతాయి కాబట్టి ఆలోపే కోలుకోవాలని 29వ తేదీ సోమవారానికి ఆపరేషన్ పెట్టించుకున్నాను. శనివారం పొద్దున ఇచ్చిన రక్తంతో షుగరు, హిమోగ్లోబిన్, కిడ్నీ పరీక్షలతో పాటు ఇంకేమేం చేస్తారో నాకెవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు. 2,300 రూపాయలు కట్టి రసీదు తీసుకున్నాను. ఆపరేషన్‌కు ముందు హెచ్‌ఐవీ, హెపటైటిస్ బీ, హెపటైటిస్ సీ అనే మూడు వైరస్‌లకు కూడా పరీక్ష చేయడం ఆనవాయితీ అని నాకు తెలిసింది ఆ మర్నాడే.

ఆదివారం పదిన్నరకు మావారితో కలిసి వెళ్లాను. డ్యూటీ డాక్టరు మమ్మల్ని గదిలోకి పిలవలేదు. నర్సుల కౌంటరు దగ్గరే, మా వెనుక మరో నలుగురు నిలబడి ఉండగా, ఫైలు తిరగేస్తూ, “హెచ్‌సీవీ పాజిటివ్ వచ్చిందమ్మా, మీకు ఇంతకు ముందు తెలుసా?” అని అడిగారు. మొదటి అక్షరం, చివరి అక్షరం మాత్రమే నా చెవిన పడ్డాయి. నేను హెచ్‌ఐవీ అనుకున్నాను. మావారూ అదే అనుకున్నారని తర్వాత ఒప్పుకున్నారు. నా మోచేతి మీద ఉన్న ఆయన చేయి జారి, మళ్లీ వచ్చి పట్టుకున్నది. అది జారిన సంగతి ఆయనకు తెలియదు, నాకు తెలుసు. ఆ మధ్యనున్న అక్షరం ‘ఐ’ కాదు, ‘సీ’ అని, అది కాలేయానికి వచ్చే వేరే వైరస్ అని తెలుసుకోవడానికి నేను మూడుసార్లు అడగవలసి వచ్చింది. వెనుక నిలబడిన వాళ్లు ఏమనుకున్నారో మాత్రం నేను సరిచేయలేకపోయాను. వాళ్లలో ఒకామె మా స్కూల్లో చదివే పిల్ల తల్లి.

ఫైలు అట్ట మీద ఎర్ర స్కెచ్ పెన్నుతో పెద్దగా ఒక గుర్తు పెట్టారు. ఆపరేషన్ చేయవలసిన డాక్టరు గారు, లివర్ డాక్టరు దగ్గర రాయించుకుని రమ్మన్నారు. ఆ తర్వాత కూడా ‘పాజిటివ్ కేసు’ కాబట్టి వేరే కిట్లు వాడవలసి ఉంటుందని, దానికి మరో 18,000 రూపాయలు అవుతుందని బిల్లింగులో చెప్పారు. సోమవారం ఆపరేషన్ ఆగిపోయింది.

ఇంటికి వచ్చి రిపోర్టు చేతిలో పెట్టుకుని కూర్చున్నాను. అందులో ఎక్కడా పాజిటివ్ అనే మాట లేదు. “హెచ్‌సీవీ యాంటీబాడీ, ర్యాపిడ్ పద్ధతి: రియాక్టివ్” అని ఉంది. ర్యాపిడ్ అంటే చిన్న కార్డు మీద గీత వస్తుందా అని చూసే పరీక్ష, గీత వస్తే రియాక్టివ్. దాని కింద చీమ తలకాయంత అక్షరాల్లో, ఇది వడపోత పరీక్ష మాత్రమేనని, నిర్ధారణ పరీక్షతో సరిచూసుకోవాలని కూడా ఉంది. ఒక్కొక్క మాటను పట్టుకుని అర్థం చెప్పడమే నా ఉద్యోగం. అయినా ఆ వాక్యం నా కంటికి ఆనింది మంగళవారం నాడు, డాక్టరు గారు దాని మీద వేలు పెట్టి చూపించినప్పుడే. భయంలో ఉన్న మనిషి కాగితంలో ఒక్క మాటే చదువుతాడు.

ఆ రెండు రాత్రులు నేను చేసిన పనులన్నీ ఇక్కడ రాస్తున్నాను, ఎందుకంటే నా స్థితిలో ఎవరైనా ఇవే చేస్తారని అనుకుంటున్నాను. నా టూత్‌బ్రష్‌ను బాత్రూం అద్దం దగ్గరి నుంచి తీసి వేరే గ్లాసులో పెట్టాను. నేను తిన్న కంచం వేరుగా కడిగి వేరుగా బోర్లించాను. హైదరాబాదులో ఇంజనీరింగ్ చదువుతున్న మా అబ్బాయి చిన్నప్పుడు నా పాలు తాగాడు కదా అని లెక్కలు వేశాను. ఫోన్లో వెతికితే కాలేయం గట్టిపడిపోవడం, క్యాన్సరు, ఇవే ముందు వచ్చాయి. సోమవారం రాత్రి అన్నం దగ్గర మావారు నా వేరు కంచం చూసి, ఏమీ అనకుండా, తన కంచంలో కలిపిన పప్పన్నం నుంచి ఒక ముద్ద తీసి నా కంచంలో పెట్టారు. అన్నం తింటే ఈ వైరస్ అంటదని అప్పటికి ఆయనకూ తెలియదు, నాకూ తెలియదు.

పరకాల దగ్గరి ఊళ్లో ఉన్న మా అమ్మకు చెప్పకూడదనుకున్నాను గానీ, ఆపరేషన్ ఎందుకు ఆగిందని అడిగితే దాచలేకపోయాను. రక్తం ద్వారా వచ్చే జబ్బు అనగానే అమ్మ చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, “నీకు పదేండ్లప్పుడు మలేరియా జరమొచ్చి వరంగల్ దవాఖాన్ల ఏసినప్పుడు రెండు సీసల రక్తం ఎక్కిచ్చిండ్రు బిడ్డా. గా రక్తం ఎవ్వలిదో మాకెరుకనా?” అన్నది. అంతటితో ఆగకుండా, ఊళ్లో సూదులు వేసే ఆర్‌ఎంపీ స్టీలు డబ్బాలో గాజు సిరంజి పెట్టుకుని వచ్చి, స్టవ్వు మీద నీళ్లు కాచి, ఒకే సూదితో వాడకట్టు మొత్తానికి వేసేవాడని కూడా గుర్తు చేసింది. ఆ డబ్బా మూత తీసినప్పుడు వచ్చే వేడి ఆవిరి, స్పిరిటు వాసన నాకూ గుర్తున్నాయి. అమ్మ తప్పు ఏమీ లేదు. కానీ ఆ రాత్రి నుంచి అమ్మ అది తన వల్లే జరిగిందన్నట్టు మాట్లాడడం మొదలుపెట్టింది. ఒక చిన్న కార్డు మీద వచ్చిన గీత మా ఇంట్లో ముప్పై ఆరేళ్ల కిందటి రోజులను తవ్వి బయట పెట్టింది.

జనవరి 30, మంగళవారం సాయంత్రం, ములుగు రోడ్డు వైపు ఉన్న ఒక లివర్ డాక్టరు గారి దగ్గరికి వెళ్లాం. ఫీజు 600. రెండు గంటలు కూర్చున్నాక లోపలికి పిలిచారు. ఆయన రిపోర్టు చూసి మొదట అడిగింది, “మీకు రోగం ఉందని ఎవరన్నారమ్మా?” అని. నేను ఎర్ర గుర్తు ఉన్న ఫైలు చూపించాను. ఆయన ఇరవై నిమిషాలు కూర్చుని చెప్పిన సంగతులను గుర్తున్నంత వరకు రాస్తాను.

ఆ కార్డు పరీక్ష వైరస్‌ను వెతకదు. వైరస్‌ను ఎదుర్కోవడానికి ఒంట్లో తయారయ్యే యాంటీబాడీలను వెతుకుతుంది. హెపటైటిస్ సీ సోకిన వాళ్లలో సుమారు మూడోవంతు మందికి ఏ మందూ లేకుండానే ఆరు నెలల్లోపు ఆ వైరస్ పోతుంది, యాంటీబాడీ మాత్రం ఏళ్ల తరబడి మిగిలిపోతుంది. “ఒక ఇంటి ముందు పందిరి కనిపిస్తే లోపల పెళ్లి జరుగుతున్నదని చెప్పలేం. పెళ్లి అయిపోయి పందిరి విప్పకపోయి ఉండవచ్చు. పక్కింటి వాళ్ల పందిరే ఇటు వచ్చి ఉండవచ్చు” అన్నారు. పక్కింటి పందిరి అంటే, వేరే దేని కోసమో తయారైన యాంటీబాడీ పొరపాటున ఆ కార్డు మీద ఉన్న పదార్థానికి అతుక్కోవడం. దాన్నే తప్పుడు పాజిటివ్ అంటారు.

“అయితే అంత తప్పుడు పరీక్షను ఎందుకు చేస్తారు సార్?” అని మావారు కొంచెం కోపంగానే అడిగారు. డాక్టరు గారు కోపగించుకోలేదు. ప్రిస్క్రిప్షన్ కాగితం వెనక్కి తిప్పి లెక్క వేశారు. మీలాంటి వాళ్లు, అంటే ఏ లక్షణమూ లేకుండా ఆపరేషన్ కోసం వచ్చిన వాళ్లు, వెయ్యి మంది అనుకుందాం. అందులో నిజంగా వైరస్ ఉన్నవాళ్లు ఐదుగురు అనుకుందాం. ఆ ఐదుగురినీ పరీక్ష పట్టుకుంటుంది. ఇక వైరస్ లేని 995 మందిలో నూటికి ఒక్కరికి పొరపాటున గీత వస్తుందనుకుంటే, సుమారు పది మంది. మొత్తం గీత వచ్చింది పదిహేను మందికి, అందులో పది మందికి వైరస్ లేదు. “ఇవి అర్థం కావడానికి నేను వేసిన అంకెలే, కానీ లెక్క నడిచే తీరు ఇదే. నూటికి తొంభై తొమ్మిది సార్లు సరిగ్గా చెప్పే పరీక్ష కూడా, జబ్బు అరుదుగా ఉన్న చోట, పాజిటివ్ అన్నప్పుడు ఎక్కువసార్లు తప్పే అవుతుంది” అన్నారు. వడపోత పరీక్ష ఒక్కరినీ వదలకూడదు కాబట్టి దాని వలను చిన్న కళ్లతో అల్లుతారని, అందులో పడ్డ ప్రతిదీ చేప కాదని చెప్పారు. ఆ కాగితం ఇప్పటికీ నా దగ్గర ఉంది.

నా చిన్ననాటి రక్తం సంగతి చెబితే ఆయన దాన్ని కొట్టిపారేయలేదు. “మీకు రక్తం ఎక్కించింది 1988లో. ఈ వైరస్‌ను కనిపెట్టిందే 1989లో. ఆ పరిశోధనకు 2020లో నోబెల్ బహుమతి వచ్చింది. మీకు రక్తం ఇచ్చిననాడు దీనికి పేరు కూడా లేదు, ఎవరు మాత్రం పరీక్షించగలరు?” అన్నారు. ఇంటికి వచ్చి ఈ ముక్క అమ్మకు ఫోన్లో చెప్పాను. “పేరే లేదా అప్పటికి?” అని రెండుసార్లు అడిగింది. ఆ రాత్రి అమ్మ నిద్రపోయిందని తమ్ముడు చెప్పాడు. నాకు ఆ 600 రూపాయల్లో దక్కిన అన్నిటికంటే విలువైన మాట అదే.

చివరకు వైరస్ నిజంగా ఉన్నట్టు తేలినా భయపడవలసిన పని లేదని, ఇప్పుడు పన్నెండు వారాల పాటు రోజూ వేసుకునే మాత్రలతో నూటికి తొంభై ఐదు మందికి పైగా నయమవుతున్నదని చెప్పారు. కలిసి తినడం వల్ల, ముట్టుకోవడం వల్ల, తల్లిపాల వల్ల ఇది అంటదని, బ్లేడ్లు, గోళ్ల కత్తెర, టూత్‌బ్రష్ వంటి రక్తం అంటుకునే అవకాశం ఉన్న వస్తువులు మాత్రం వేరుగా పెట్టుకోవాలని అన్నారు. కంచం విషయంలో నేను తప్పు, బ్రష్ విషయంలో ఒప్పు.

జనవరి 31న మూడు పరీక్షలకు రక్తం ఇచ్చాను. లివర్ ఫంక్షన్ 700 రూపాయలు, కార్డుకు బదులు యంత్రంతో కొలిచే ఎలీసా పద్ధతిలో యాంటీబాడీ 850 రూపాయలు, వైరస్‌నే నేరుగా వెతికే ఆర్‌ఎన్‌ఏ పరీక్ష 4,800 రూపాయలు. ఈ ఆర్‌ఎన్‌ఏ పరీక్ష, పాజిటివ్ వస్తే మందులు కూడా, 2018లో మొదలైన జాతీయ వైరల్ హెపటైటిస్ నియంత్రణ కార్యక్రమం కింద ప్రభుత్వ చికిత్సా కేంద్రాల్లో ఉచితంగా దొరుకుతాయని డాక్టరు గారే చెప్పారు. నేను తొందరలో ప్రైవేటు ల్యాబుకు వెళ్లాను. తొందర లేని వాళ్లు ముందు అక్కడ కనుక్కోవడం మంచిది.

ఫిబ్రవరి 1న మొదటి రెండు రిపోర్టులు వచ్చాయి. లివర్ అంకెలు అన్నీ మామూలే, కాలేయం దెబ్బతింటే పెరిగే ఎస్‌జీపీటీ 22. ఎలీసా మళ్లీ రియాక్టివ్. రెండోసారి కూడా అదే మాట చూసేసరికి నాకు పందిరి, లెక్క అన్నీ మరుపున పడ్డాయి. డాక్టరు గారికి వాట్సాప్‌లో పంపితే, మాట పక్కనున్న అంకె చూడమని రాశారు. నా విలువ 1.62, హద్దు 1.00. నిజంగా ఇన్ఫెక్షన్ ఉన్నవాళ్లలో ఈ అంకె సాధారణంగా హద్దు కంటే ఎన్నో రెట్లు ఎక్కువగా ఉంటుందని, హద్దును ఇలా కొంచెంగా దాటినప్పుడు తప్పుడు పాజిటివ్‌కే అవకాశం ఎక్కువని, అయినా ఆర్‌ఎన్‌ఏ వచ్చేదాకా ఏమీ తేల్చనని అన్నారు. కొన్ని ల్యాబులు ఆ అంకె ఇవ్వకుండా మాట ఒక్కటే ఇస్తాయట. ముందే అడిగి, అంకె వేసిన రిపోర్టు తీసుకోండి.

ఆర్‌ఎన్‌ఏ నమూనా హైదరాబాదుకు వెళ్తుందని, నాలుగు రోజుల్లో రిపోర్టు వస్తుందని చెప్పారు. ఐదో రోజు, ఫిబ్రవరి 5న, రిపోర్టుకు బదులు ఫోన్ వచ్చింది: నమూనా పాడైంది, మళ్లీ రక్తం ఇవ్వాలి. ఈ పరీక్షకు తీసిన రక్తం నుంచి ప్లాస్మాను త్వరగా వేరుచేసి చల్లగా ఉంచి పంపాలట. నా గొట్టం ఎక్కడో ఆలస్యమైంది. డబ్బు మళ్లీ తీసుకోలేదు గానీ, ఆ ఐదు రోజులను ఎవరు తిరిగి ఇస్తారు? అదే రోజు సాయంత్రం స్కూలు నుంచి నేరుగా వెళ్లి రక్తం ఇచ్చాను. ఈసారి, ఇక్కడి నుంచి హైదరాబాదుకు బండి ఎన్ని గంటలకు వెళ్తుందో అడిగి, దానికి గంట ముందు వెళ్లాను. మీరు కూడా ఈ ఒక్క ప్రశ్న అడగండి.

ఆ రోజుల్లో మా ఊళ్లన్నిటా మేడారం మాటే. జాతర ఫిబ్రవరి 21 నుంచి 24 వరకు. మా ఇంట్లో ప్రతి జాతరకూ వెళ్తాం. రిపోర్టు మంచిగా వస్తే నిలువెత్తు బంగారం జోకిస్తానని అమ్మ మొక్కుకున్నది. బంగారమంటే బెల్లం, నా ఎత్తు కాదు, నా బరువు తూకం. ఆపరేషన్ కాని కడుపుతో, ఎప్పుడు నొప్పి వస్తుందోనని నూనె ముట్టకుండా, చారు అన్నంతో రోజులు గడుపుతూ, నేను తరగతిలో పద్యాలు చెబుతూనే ఉన్నాను. స్టాఫ్ రూములో ఎవరికీ చెప్పలేదు. ఆపరేషన్ ఎందుకు వాయిదా పడిందంటే బీపీ అన్నాను. పిల్లలకు అబద్ధం ఆడకూడదని చెప్పే మనిషిని నేను, ఆ అబద్ధం ఇప్పటికీ నన్ను నొప్పిస్తుంది. కౌంటరు దగ్గర డాక్టరు కాస్త గొంతు తగ్గించి ఉంటే నాకు దాని అవసరం వచ్చేది కాదేమో.

ఫిబ్రవరి 9, శుక్రవారం, మధ్యాహ్నం మూడో పీరియడ్ తర్వాత ఫోన్‌కు రిపోర్టు వచ్చింది. “టార్గెట్ నాట్ డిటెక్టెడ్.” మావారికి పంపాను. ఆయన నుంచి వెంటనే వచ్చిన ప్రశ్న: “నెగటివ్ అని ఎందుకు రాయలేదు?”

ఆ ప్రశ్న ఊరికే వచ్చింది కాదు. 2021 ఏప్రిల్ చివర, కరోనా రెండో విడతలో, ఆయనకు జ్వరం వస్తే ర్యాపిడ్ యాంటీజెన్ పరీక్ష చేయించాం. నెగటివ్ అన్నారు. ఊపిరి పీల్చుకుని, ఆ రాత్రి అందరం ఒకే గదిలో పడుకున్నాం. జ్వరం తగ్గకపోతే మూడోనాడు ఆర్‌టీపీసీఆర్ చేయిస్తే పాజిటివ్ వచ్చింది. అప్పటికి నాకూ, మా అబ్బాయికీ దగ్గు మొదలైంది. లక్షణాలు ఉన్నవాళ్లకు ర్యాపిడ్ నెగటివ్ వస్తే ఆర్‌టీపీసీఆర్‌తో సరిచూడాలన్న నియమం అప్పటికే ఉంది, మాకెవరూ చెప్పలేదు. అక్కడ నెగటివ్‌ను నమ్మి మోసపోయాం. ఇక్కడ పాజిటివ్‌ను నమ్మి నలిగిపోయాం. రెండు చోట్లా వచ్చిన మాటను పట్టుకున్నామే గానీ, ఆ పరీక్ష దేన్ని వెతుకుతుంది, ఎప్పుడు వెతికింది, ఎవరిలో వెతికింది అని అడగలేదు.

సాయంత్రం డాక్టరు గారి దగ్గర ‘నాట్ డిటెక్టెడ్’ను విడదీయించుకున్నాం. ఆ యంత్రం మిల్లీలీటరు రక్తంలో 15 యూనిట్ల వైరస్ ఉన్నా లెక్క కట్టగలదు, నా రక్తంలో అసలు జాడే కనిపించలేదు. జాడ కనిపించి, లెక్కకు అందనంత తక్కువగా ఉంటే వేరే విధంగా, ‘15 కంటే తక్కువ’ అని రాస్తారట. ఆ రెండు వాక్యాలు ఒకటే అనుకుని కంగారు పడేవాళ్లు, ఊరట పడేవాళ్లు ఇద్దరూ ఉన్నారని చెప్పారు. ఈ రోజు నా ఒంట్లో చురుకైన ఇన్ఫెక్షన్ లేదు, అది ఖాయం. మిగిలిన ప్రశ్న ఒక్కటే: చిన్నప్పుడు ఎప్పుడో సోకి దానంతట అదే పోయిందా, లేక మొదటి నుంచీ తప్పుడు గీతేనా?

“తెలుసుకోవాలని ఉందా? చికిత్సకు దాని అవసరం లేదు” అన్నారు. నేను ఉందన్నాను. నా కోసం కాదు, అమ్మ కోసం. మొదటి రెండిటికీ సంబంధం లేని వేరే కంపెనీ పరీక్ష, వేరే పద్ధతిలో చేయించమన్నారు. నిజమైన యాంటీబాడీ అయితే రెండు కంపెనీల పరీక్షల్లోనూ సాధారణంగా దొరుకుతుందని, పక్కింటి పందిరి మాత్రం రెండు చోట్లా ఒకేలా పొరపడడం అరుదని దాని వెనుక ఆలోచన. ఫిబ్రవరి 12న 950 రూపాయలు కట్టి ఇచ్చాను, మర్నాడు వచ్చింది: నాన్ రియాక్టివ్, విలువ 0.11. తప్పుడు పాజిటివ్ కావడానికే అవకాశం చాలా ఎక్కువ అని డాక్టరు గారు రాసిచ్చారు. ‘ఖచ్చితంగా’ అని రాయమని మావారు అడిగితే, ఆ మాట రాయనన్నారు. ఆ ‘చాలా ఎక్కువ’తో బతకడం నేర్చుకోవడానికి నాకు కొన్ని వారాలు పట్టింది.

ఇంకొక సంగతి ఉంది. ఆయన అడిగితే గుర్తుకు వచ్చింది, నవంబరులో నేను పన్ను పీకించుకున్నాను. గడచిన ఆరు నెలల్లో అలా రక్తంతో సంబంధం ఉన్నదేదైనా జరిగి ఉంటే, ఒక్కసారి చేసిన ఆర్‌ఎన్‌ఏతో ఆపకుండా కొన్ని వారాల తర్వాత మళ్లీ చేస్తారట. పన్నెండు వారాల తర్వాత రమ్మన్నారు. ఆపరేషన్‌కు మాత్రం అడ్డు లేదని చెప్పారు.

జాతరకు వెళ్లాం. అమ్మ మొక్కు తీర్చింది. బెల్లం 61 కిలోలు తూగింది.

ఆపరేషన్ మొదటి ఆసుపత్రిలో చేయించుకోలేదు. మార్చి 4, సోమవారం, వేరే చోట పెట్టించుకున్నాం. మార్చి 2న అక్కడ రక్తం తీసుకున్నప్పుడు, ఆ కార్డును నా ఎదుట చూపించగలరా అని ల్యాబులో అబ్బాయిని అడిగాను. వింతగా చూశాడు గానీ, కాదనలేదు. వేలెడంత పొడవున్న తెల్లటి ప్లాస్టిక్ ముక్క, మధ్యలో చిన్న కిటికీ, దాని పక్కన ఇంగ్లీషులో సీ, టీ అక్షరాలు. ‘సీ’ అంటే హెపటైటిస్ సీ అని నేను అనుకున్నాను. కాదట, అది పరీక్ష సరిగ్గా నడిచిందని చెప్పే కంట్రోల్ గీత, అది అందరికీ రావాలి. అసలు విషయం ‘టీ’ దగ్గర. ఒక చుక్క నా రక్తపు ద్రవం, రెండు చుక్కల మందు వేశాడు. తడి మెల్లగా కిటికీలో పాకింది. ముందు ‘సీ’ దగ్గర ముదురు గులాబీ గీత వచ్చింది. పదిహేను నిమిషాలు అవుతుండగా ‘టీ’ దగ్గర, పెన్సిలుతో గీసి రబ్బరుతో తుడిచినంత పలుచగా, ఒక గీత. దీపం కింద ఒక పక్కకు వంచితే కనిపిస్తుంది, తిన్నగా పట్టుకుంటే కనిపించదు. ఎంత పలుచనైనా గీత గీతే అని, చెప్పిన సమయం దాటాక చూస్తే మాత్రం లేని గీత కూడా కనిపించవచ్చని, అందుకే గడియారం పెట్టుకుంటామని ఆ అబ్బాయి చెప్పాడు. నా ముప్పై ఐదు రోజుల నిద్రను తిన్నది ఇదా అని దాన్ని చాలాసేపు చూశాను.

అంటే నా ఒంట్లో ఆ పక్కింటి పందిరి ఇంకా ఉంది. ఆ రకం కార్డు వాడిన ప్రతిచోటా నాకు మళ్లీ రియాక్టివ్ వచ్చే అవకాశం ఉంది. ఎవరూ ముందుగా చెప్పని విషయం ఇదే. నేను మిగిలిన మూడు రిపోర్టులు, డాక్టరు గారి చీటీ తీసి సర్జన్ ముందు పెట్టాను. ఆమె అన్నీ వరుసగా చదివి, “ప్రతి రోగి రక్తంలోనూ వైరస్ ఉందనుకునే మేం జాగ్రత్త పడతామమ్మా, మీకు వేరే కిట్టు ఎందుకు?” అన్నారు. ఫైలు మీద ఏ గుర్తూ పెట్టలేదు. అదనంగా ఒక్క రూపాయి తీసుకోలేదు. మార్చి 6న ఇంటికి వచ్చాను, 18న పరీక్షల డ్యూటీలో ఉన్నాను.

రెండో ఆర్‌ఎన్‌ఏ మే మొదటి వారంలో ఇవ్వవలసింది. మే 13 పార్లమెంటు ఎన్నికల డ్యూటీ, దాని ముందు శిక్షణలు, వాటితో ఆలస్యమై 15న ఇచ్చాను. 18వ తేదీ, శనివారం, అమ్మ దగ్గర ఉన్నాను. మామిడికాయ ముక్కలకు కారం, ఆవపిండి పట్టిస్తున్నాం. చేతులు ఎర్రగా ఉంటే ఫోన్ మా అబ్బాయి తీసి చదివాడు. “నాట్ డిటెక్టెడ్” అన్నాడు. అమ్మ చేతి పని ఆపి, “అంటే ఏంది?” అన్నది. “వెతికిన్రట, దొరకలేదట” అన్నాను. “రెండుసార్లు వెతికినా దొరకలేదా?” అని అడిగి, తలూపి, మళ్లీ ముక్కలు కలపసాగింది.

నాలుగు నెలల్లో అన్నీ కలిపి, ఆపరేషన్ ఖర్చు కాకుండా, పరీక్షలకు, డాక్టరు ఫీజులకు దాదాపు పదిహేను వేలు అయింది. రిపోర్టులన్నిటినీ ఒక ప్లాస్టిక్ ఫైల్లో తేదీల వరుసలో పెట్టాను. మొదటి పేజీలో నా చేతిరాతతో ఒక తెల్ల కాగితం ఉంది: కార్డు రియాక్టివ్, ఎలీసా 1.62, ఆర్‌ఎన్‌ఏ రెండుసార్లు నాట్ డిటెక్టెడ్, వేరే పద్ధతిలో 0.11. నేను మాట్లాడలేని స్థితిలో ఎప్పుడైనా ఆసుపత్రికి వెళ్లవలసి వస్తే, కౌంటరు దగ్గర ఎవరైనా ఆ మాట గట్టిగా అనక ముందే ఇది చూపించాలి. బీరువాలో రెండో అరలో, చీరల కింద ఉంది. మావారికీ, మా అబ్బాయికీ చూపించి పెట్టాను.